డాకు నీళ్ళలో మా నాన్న చేతికి తగిలింది

వాట్‌గంజ్‌లో మా ఇంటిని డుబురి ఇల్లు అనేవారు. బెంగాలీలో డుబురి అంటే నీళ్ళ అడుగున పనిచేసే మనిషి. మా నాన్న కలకత్తా ఖిద్దిర్‌పూర్ డాకుల్లో, అంటే ఓడలు ఆగే రేవుల్లో, ఆ పని చేసేవాడు. ఓడ పంకాకి తాళ్ళు చుట్టుకున్నా, నీళ్ళలో గోడరాయి జారినా, నదికీ డాకుకీ మధ్యనున్న పెద్ద ఇనప తలుపులు సరిగ్గా మూసుకోకపోయినా ఆయనకి కబురొచ్చేది. శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డున పుట్టిన మనిషి కాబట్టి నీళ్ళంటే భయం ఉండదని మా వీధిలో అందరూ అనుకునేవారు. ఆయన ఒప్పుకునేవాడు కాదు. సముద్రంలో మునిగితే ఎంతోకొంత కనిపిస్తుంది, డాకులో మునిగితే మన చెయ్యి మనకే కనిపించదు అనేవాడు. గంగ తెచ్చే బురద అంత చిక్కగా ఉండేది. అడుగుకి చేరాక కళ్ళు మూసుకున్నా తెరిచినా ఒకటే కాబట్టి, మూసుకునే పనిచేసేవాడట. తడిమి చూసి, ఇది గొలుసు, ఇది చెక్క, ఇది విరిగిన రాయి అని పోల్చేవాడు. ఇంట్లో కూడా అదే అలవాటు. అమ్మ కొత్త చీర కొనుక్కుంటే, రంగు చూడకుండా ముందు అంచుని వేళ్ళ మధ్య పెట్టుకుని నలిపేవాడు.

నీళ్ళలోకి దిగడానికి రాగి టోపీ, రబ్బరు పూసిన మందపాటి దుస్తులు, సీసపు అడుగుల జోళ్ళు ఉండేవి. అవన్నీ తొడిగాక సాయం లేకుండా రెండడుగులు వెయ్యడం కూడా కష్టం. పైన పడవ మీద ఇద్దరు మనుషులు పంపు తిప్పుతూ గొట్టంలోంచి గాలి పంపేవారు. నాన్న నడుముకి కట్టిన తాడు రెండో కొస ఇంకో మనిషి చేతిలో ఉండేది. గొట్టం, పంపు, తాడు ముందుగా సరిచూసే బాధ్యత ఆ మనిషిదే. అడుగున ఉన్నవాడికి మాట్లాడే వీలు లేదు. కింద నుంచి తాడు ఒకసారి లాగితే బాగానే ఉన్నానని, నాలుగుసార్లు లాగితే వెంటనే పైకి తియ్యమని.

పద్దెనిమిదేళ్ళు ఆ తాడు పట్టుకున్నది ఒకే మనిషి. ఆయన్ని నేను కాకు అని పిలిచేదాన్ని, బెంగాలీ పిల్లలు చిన్నాన్నని పిలిచినట్టు. నిజానికి నాన్నకంటే వయసులో పెద్దవాడు, నాన్న ఆయన్ని దాదా, అంటే అన్నా, అని పిలిచేవాడు. చిట్టగాంగ్ నుంచి వచ్చి కలకత్తాలో స్థిరపడిన బౌద్ధ కుటుంబం వాళ్ళది. ఆయన పెళ్ళి చేసుకోలేదు, అక్కగారింట్లో ఉండేవాడు. ఆదివారాలు మా ఇంటికి వచ్చి ఎండుచేపలు వండేవాడు. చిట్టగాంగ్ వాళ్ళకీ మావాళ్ళకీ ఎండుచేప మీద ఒకటే ప్రేమ. ఆ వాసనకి పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు. కాకుకి వచ్చిన తెలుగంతా నాన్న దగ్గర నేర్చుకున్నదే. మధ్యమధ్య బెంగాలీ మాటలు దొర్లకపోతే, పక్కగదిలోంచి వినేవాళ్ళు టెక్కలి నుంచి చుట్టాలెవరో వచ్చారనుకునేవారు.

నీళ్ళలోకి దిగేముందు నాన్న పసుపు కలిపిన బియ్యం నాలుగు గింజలు డాకులో వేసేవాడు. వాళ్ళ ఊళ్ళో ముసలివాళ్ళు చెప్పేవారట, నుయ్యి కానీ చెరువు కానీ ఏటి మొగ కానీ యజమాని లేని నీళ్ళు ఉండవని. ఆ యజమాని పాము రూపంలో అడుగున ఉంటుంది. ఒకరింటికి వెళ్తే గుమ్మంలో నిలబడి పిలుస్తాం కదా, నీళ్ళలోకైనా అలా చెప్పే దిగాలి. నాన్న దాన్ని నమ్మి చేసేవాడో, అలవాటుకొద్దీ చేసేవాడో నేనెప్పుడూ అడగలేదు. పంపు తిప్పేవాళ్ళు నవ్వుకునేవారు. కాకు మాత్రం ఆ కాసేపూ తాడు చంకలో పెట్టుకుని చేతులు జోడించేవాడు.

మా అమ్మ నాగులచవితికి లాంచీ ఎక్కి నది దాటి షాలిమార్ వెళ్ళేది. వాట్‌గంజ్‌లో పుట్ట ఎక్కడ దొరుకుతుంది. షాలిమార్ గూడ్సు యార్డు వెనక, వాడని పట్టాల పక్కన ఒక పుట్ట ఉందని ఎవరో రైల్వే మనిషి చెప్పాడు. నేను చిన్న చెంబుతో పాలు పట్టుకుని అమ్మ వెనక నడిచేదాన్ని. ఒక చవితినాడు మేం తిరిగి వచ్చేసరికి కాకు మా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఎక్కడికి వెళ్ళారని అడిగి, విని, తమ వైపు చెప్పుకునే కథ చెప్పాడు. బుద్ధుడికి జ్ఞానం కలిగిన కొత్తలో ఆయన ఒక చెరువు గట్టున ధ్యానంలో ఉన్నాడు. ఏడు రోజులు ముసురు పట్టింది. ఆ చెరువులో ఉండే నాగరాజు పైకి వచ్చి, ఆయన ఒంటికి ఏడు చుట్లు చుట్టుకుని, తల మీద పడగ పట్టింది.

"ఏడు దినాలూ అలగే ఉన్నాదా, తిండీ తిప్పలూ నేకండా?" అని అడిగింది అమ్మ.

"ఉన్నాది బౌమా," అన్నాడు కాకు. తమ్ముడి భార్యని బెంగాలీలు అలా పిలుస్తారు.

"వాన ఎలిసేక ఏటి సేసింది?"

"సుట్లు ఇప్పుకుని, కుర్రోడి రూపం కట్టి, దండం ఎట్టింది. మళ్ళీ నీళ్ళలోకి ఎల్లిపోనాది."

అమ్మ చాలా సేపు ఆలోచించి, "మంచి పాము," అంది. ఆ రోజు నుంచి కాకుకి మా ఇంట్లో గౌరవం ఇంకొంచెం పెరిగింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఒక శ్రావణమాసంలో, నది వైపు ఇనప తలుపుల్లో ఒకటి జానెడు సందు మిగిల్చి ఆగిపోయింది. బయట ఒక ఓడ లోపలికి రావడానికి ఎదురుచూస్తోంది, ఆ తలుపు సరిగ్గా మూసుకుంటుందని తేలేదాకా దాన్ని రానివ్వరు. తలుపు అడుగున ఏదో అడ్డుపడిందని నాన్నని దింపారు. అక్కడ జరిగింది నేను చూడలేదు. నాన్నా, కాకూ వేర్వేరుగా చెప్పగా విన్నాను. ఇద్దరి మాటల్లో తేడా లేదు.

నాన్న అడుగుకి చేరి, గడప వెంట తడుముకుంటూ వెళ్ళాడు. తలుపూ గోడా కలిసే మూల చెయ్యి పెడితే, గుండ్రంగా, చల్లగా ఒకటి తగిలింది. పైన బురద జిగురు, దాని కింద గరుకు, పొలుసుల వరస. గొలుసు కాదు. చెక్క కాదు. చేపైతే చెయ్యి తగలగానే జారిపోతుంది, ఇది జారలేదు. ఆయన చెయ్యి తియ్యలేదు. కాసేపటికి అది ఉబ్బి మళ్ళీ తగ్గినట్టు తెలిసింది, నిద్రపోయేవాళ్ళ పొట్ట మీద చెయ్యేస్తే తెలిసినట్టు. ఆ తరవాత అది కదిలి, అరచేతి కిందుగా పోవడం మొదలుపెట్టింది. అలా పోతూనే ఉందట. ఎంతసేపటికీ దాని కొస రాలేదు. అప్పుడాయన తాడు నాలుగుసార్లు లాగాడు.

పైకి తీసి రాగి టోపీ విప్పితే, నాన్న ముందు కాకు ముఖం చూశాడు. "అక్కడ ఉన్నాది దాదా," అన్నాడు. "నాను మళ్ళీ దిగను."

పైనున్న ఇంజినీరు ఏముందని అడిగాడు. నాన్న హిందీలో పాము అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇంజినీరు కూడా మొదట నవ్వి, తరవాత కోప్పడి, దిగమని రెండుసార్లు చెప్పాడు. నాన్న పడవ అంచున కూర్చుని జోళ్ళు విప్పుకున్నాడు. మర్నాడు ఇంకొక డుబురిని తెప్పించి దింపారు. అతనికి అడుగున ఏమీ దొరకలేదు. ఆ పోటుకి తలుపు కూడా మామూలుగా మూసుకుంది. ఓడ లోపలికి వచ్చింది. చెప్పిన పని చెయ్యనందుకు రాతపూర్వకంగా జవాబివ్వమని నాన్నకి కాగితం వచ్చింది.

మూడో రోజు సాయంత్రం యూనియన్ బాబు మా ఇంటికి వచ్చాడు. మా వీధిలో అందరికీ తెలిసిన మనిషి, బెంగాలీ, భుజాన గుడ్డసంచీ, ఎప్పుడూ చెప్పుల మీద దుమ్ము. రేషను కార్డులో పేరు తప్పు పడితే ఆయన దగ్గరికే పరిగెత్తేవాళ్ళం. సంచీలోంచి బెంగాలీలో రాసిన కాగితం తీసి, సంతకం పెడితే మిగిలింది తను చూసుకుంటానన్నాడు. నాన్నకి బెంగాలీ మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. నన్ను పిలిచాడు.

"ఏటి రాసుందో సదువమ్మీ."

నేను చదివి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. నీళ్ళ అడుగున ఉండగా గాలి సరిగా అందలేదు. తల తిరిగింది. ఆ స్థితిలో ఏదో ఉన్నట్టు భ్రమ కలిగింది. గాలిగొట్టం ముందుగా సరిచూడవలసిన మనిషి నిర్లక్ష్యం వల్ల ఇలా జరిగింది. చివరి వాక్యం చదువుతూ నా గొంతు తగ్గింది.

"ఆ మనిసెవుడు?" అన్నాడు నాన్న. ఆయనకి తెలుసు. నా చేత చెప్పించాలని అడిగాడు.

"కాకు," అన్నాను.

యూనియన్ బాబు తొందరపడలేదు. గొట్టం పట్టుకునే మనిషికి ఇన్నేళ్ళలో ఇదే మొదటి మాట కాబట్టి మందలించి వదిలేస్తారని, పాము అని రాసిస్తే మాత్రం ఈ మనిషి మనసు సరిగా లేదని నాన్నని నీళ్ళ పని నుంచి శాశ్వతంగా తీసేస్తారని నెమ్మదిగా చెప్పాడు. తరవాత అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "నేను పాముల్నీ దేవుళ్ళనీ నమ్మను దాదా. నువ్వు అబద్ధం చెప్పవని మాత్రం నమ్ముతాను. ఆ రెండూ ఒకే కాగితం మీద ఎలా రాయాలో నాకు తెలియడం లేదు."

నాన్న ఆలోచించుకుంటానన్నాడు. కాగితం మా గూట్లో పెట్టి ఆయన వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కాకు వచ్చాడు. అమ్మ టీ ఇచ్చింది. ఆయన గూట్లో కాగితం వైపు చూసి, "సంతకం ఎట్టలేదేటి భాయ్?" అన్నాడు. అప్పుడు తెలిసింది మాకు, ఆ మాటలు అలా రాయమన్నది కాకే అని.

"నువ్వే సెప్పేవా?" అన్నాడు నాన్న.

"నానే సెప్పేను. నాకింక నాలుగేళ్ళే నౌకరీ. పిల్లలా, జెల్లలా. నాలుగు మాటలంటారు, పడతాను. నీకైతే ఇల్లున్నాది, గుంట సదువున్నాది," అంటూ నన్ను చూపించాడు.

నాన్న టీగ్లాసు కింద పెట్టాడు. "పద్దెనిమిదేళ్ళు నువ్వంపిన గాలే పీల్చేను దాదా. ఒక్క దినం తక్కువ అవలేదు. ఆ దినం కూడా బాగానే వచ్చింది. తక్కువైందని సంతకం ఎట్టీసి, రేపు నువ్వా గొట్టం అట్టుకుంటే, నాను కింద ఊపిరి ఎలగ తియ్యాల?"

కాకు కళ్ళు తడిశాయి. లేచి, అలవాటున్న మనిషిలా మా కుండలోంచి నీళ్ళు ముంచుకు తాగి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం నాన్న నా స్కూలు నోట్సులోంచి ఒక కాగితం చింపమన్నాడు. తను తెలుగులో చెప్తుంటే నేను బెంగాలీలో రాశాను. నా చేతికి ప్రాణం ఉన్నదేదో తగిలింది. పాము అనుకున్నాను. భయపడ్డాను. గాలి బాగానే వచ్చింది. తాడు పట్టుకున్న మనిషి తప్పు ఏమీ లేదు. నేను పెద్ద పాము అని రాశాను. ఆయన చదివించుకుని, "పెద్ద అన్నది కొట్టీ. ఎంతదో నాకు తెల్దు," అన్నాడు. కొట్టేశాను. కింద తెలుగులో సంతకం పెట్టాడు.

యూనియన్ బాబు ఆ కాగితం చదివి నిట్టూర్చి, మడతపెట్టి సంచీలో వేసుకున్నాడు. ఆఫీసులో చాలా వాదించాడని తరవాత విన్నాం. ఉద్యోగం పోలేదు కానీ, నాన్నని నీళ్ళ పని నుంచి తీసేసి, తాళ్ళూ గొలుసులూ నిలవుంచే గోదాములో వేశారు. మొదటిరోజు పని నుంచి వచ్చి, పొడి బట్టలతో ఇంటికి రావడం వింతగా ఉందన్నాడు. కాకు కొత్త డుబురికి తాడు పట్టుకున్నాడు. ఆదివారాలు రావడం మానలేదు. కాగితం సంగతి వాళ్ళిద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

ఆ నెలాఖరుకే మా చుట్టుపక్కల మనసా పూజలు వచ్చాయి. మనసా బెంగాలీల పాముల తల్లి. వానాకాలంలో ఇంటింటా ఆవిడకి జెముడు కొమ్మ పెట్టి పాలు పోస్తారు. డుబురి చేతికి నీళ్ళ అడుగున పాము తగిలిందన్న మాట అప్పటికే వాట్‌గంజ్ అంతా పాకింది. పూజ ముందురోజు ఇద్దరు ముసలమ్మలు పాలగిన్నెతో మా గుమ్మం ముందు నిలబడ్డారు. మర్నాడు ఆరుగురు వచ్చారు. బెంగాలీలు, బిహారీలు, మా వైపు ఆడవాళ్ళు. నాన్న చేతికి పసుపు రాస్తామన్నవాళ్ళున్నారు. అదే చెయ్యి పిల్లాడి తల మీద పెట్టమని బతిమాలినవాళ్ళున్నారు. పాము సంగతి ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి వెళ్ళేసరికి దానికి మొదట అయిదు పడగలొచ్చాయి, తరవాత నుదుట మణి వచ్చింది. అది నాన్నతో తెలుగులో మాట్లాడిందని ఒకావిడ నాతోనే చెప్పింది.

నాన్న ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పేవాడు. "సూణ్ణేదమ్మా. సెయ్యి తగిలింది. అంతే." ఎన్ని పడగలని అడిగితే తెలీదనేవాడు. దేవతేనా అంటే తెలీదనేవాడు. వీధి చివరి క్లబ్బు కుర్రాళ్ళు పందిట్లో మనసా బొమ్మ పక్కన రాగి టోపీ పెట్టుకుని కూర్చోమని అడిగారు. టోపీ తనది కాదు, ఆఫీసుదని చెప్పి పంపేశాడు.

అమ్మకి మొదట్లో ఇదంతా బాగానే ఉండేది. వచ్చినవాళ్ళకి టీ పెట్టేది, కాకు చెప్పిన ఏడు చుట్ల కథ కూడా తోడు చేసి చెప్పేది. రానురాను విసుగొచ్చింది. ఒకరోజు నాన్నతో, "పాముందంటే ఆఫీసోళ్ళు నవ్వుతారు. తెల్దంటే ఈళ్ళు అలుగుతారు. ఏదో ఒకటి గట్టిగా సెప్పీరాదా?" అంది.

"తగిలిందానికన్నా ఎక్కువ సెప్పమంటే ఎలగే?" అన్నాడు నాన్న.

అప్పట్లో నాకూ అమ్మలాగే అనిపించేది. క్లాసులో స్నేహితురాళ్ళు అడిగితే నేనే రెండు పడగలు కలిపి చెప్పిన రోజులున్నాయి. ఉన్నంత మాత్రమే చెప్పడం ఎంత కష్టమైన పనో ఆ వయసులో తెలీలేదు.

దసరా సెలవులు అయిపోయాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. మా వైపు మనిషి కాదు. మాట బాపట్ల వైపుది, తెల్లచీర, చేతిలో నల్ల అట్ట బైబిలు. భర్త షాలిమార్ రైల్వేలో పనిచేస్తాడని, చర్చి నుంచి ఇంటికి వెళ్ళకుండా నేరుగా లాంచీ ఎక్కి వచ్చానని చెప్పింది. కాకు వంట దగ్గర ఉన్నాడు. అమ్మ పీట వేసింది. ఆవిడ కూర్చోకుండా, "పాముని చూసింది మీరేనా అన్నయ్యగారూ?" అని అడిగింది.

"సూణ్ణేదమ్మా. సెయ్యి తగిలింది."

ఆవిడ అప్పుడు కూర్చుంది. పంతొమ్మిదేళ్ళ కొడుకు, సరుకు పడవల మీద పనికి కుదిరాడు. మూడు నెలల కింద బడ్జ్ బడ్జ్ దగ్గర పడవ అంచు నుంచి కాలు జారి నదిలో పడ్డాడు. వెతికారు. దొరకలేదు.

"వాణ్ణి మట్టి చెయ్యలేదండీ," అంది. "సమాధి దగ్గరికి వెళ్దామంటే సమాధి లేదు. పాస్టరుగారు వాడు ప్రభువు దగ్గర ఉన్నాడంటారు. ఉన్నాడు, నేను నమ్ముతాను. కానీ వాడి ఒళ్ళు ఆ నీళ్ళలోనే ఉంది కదా. మీరు ఆ అడుగు దాకా వెళ్ళినవాళ్ళు. అక్కడ ఎలా ఉంటుంది? ఆ పాములూ అవీ వాణ్ణి ఏమైనా చేసుంటాయా? ఇలా అడగడం మా మతంలో తప్పు. మా ఆయనకి కూడా చెప్పలేదు."

వంటగదిలో గరిటె చప్పుడు ఆగింది. నాన్న ఎన్నో శవాల్ని నీళ్ళలోంచి పైకి తెచ్చినవాడు. నదిలో ఎన్నాళ్ళుంటే ఏమవుతుందో ఆయనకి తెలిసినంత ఆ గదిలో ఎవరికీ తెలీదు. ఏదో ఒక మంచి అబద్ధం చెప్తే బాగుండునని నేను కోరుకున్నాను. ఆయన తన కుడిచెయ్యి తిప్పి, అరచేతి వైపు చూసుకున్నాడు.

"నీ కొడుకు సంగతి నాకు తెల్దమ్మా," అన్నాడు. "తెలిసినట్టు సెప్తే తప్పు. నాకు తెలిసిందొకటే. ఆ దినం నా సెయ్యి దాని మీద ఉన్నాది. అదెంతదో తెల్దుగాని, బలమైందని సెయ్యికి తెలిసింది. అక్కడ నాకు కళ్ళు నేవు. కాళ్ళు బరువు. దానికి ఏటి సెయ్యాలంటే అది సెయ్యొచ్చు. ఏటీ సెయ్యలేదు. మెల్లిగా తప్పుకుని దారిచ్చింది. బయపడింది నాను. అది నన్నేటీ అన్లేదు."

ఇన్నాళ్ళలో ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్ళందరూ పాము ఎలా ఉందని అడిగారు కానీ, అది ఏం చేసిందని అడగలేదు.

ఆవిడ లేచి, నాన్న చేతిని రెండు చేతుల్తో పట్టుకుని కళ్ళకి ఆనించుకుంది. ఏడుపు పైకి వినిపించలేదు. భుజాలు కదిలాయి. నాన్న చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పసుపు రాస్తామన్నవాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్న మనిషి, ఆవిడ తనంతట తను వదిలేదాకా అలాగే ఉన్నాడు.

వెళ్ళేముందు ఆవిడ, మీరు నీళ్ళలో బియ్యం వేస్తారట కదా, మా వాడి కోసం ఒకసారి వేస్తారా, నేను వెయ్యకూడదు అంది. అందరం నది మెట్లున్న ఘాటుకి వెళ్ళాం. కాకు కూడా పొయ్యి ఆర్పేసి వచ్చాడు. పోటు నీళ్ళు మెట్ల సగం దాకా ఉన్నాయి. పక్కన ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. గోదాముకి మారాక నాన్న నది దగ్గరికి రావడం అదే మొదటిసారి. "నీ ప్రార్థన నువ్వు సెయ్యమ్మా. నా బియ్యం నాను ఏస్తాను," అన్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ ఉంటే, ఆయన మెట్టు మీద కూర్చుని పసుపు బియ్యం నీళ్ళలో వదిలి, మణికట్టు దాకా చెయ్యి ముంచి కాసేపు ఉంచాడు. అమ్మ ఆవిడ భుజం పట్టుకుంది. కాకు ఒక మెట్టు పైన చేతులు జోడించి నిలబడ్డాడు. ఆవిడ "ఆమెన్" అన్నాక మేం నలుగురం ఆవిడతో లాంచీ దాకా నడిచాం.

ఆ తరవాత అమ్మ పాము కథలు చెప్పడం మానేసింది. ఎవరైనా పాలతో వస్తే, పాలు పిల్లలకి పొయ్యమని చెప్పి పంపేసేది. చలికాలం వచ్చేసరికి జనం రావడం తగ్గింది. వీధికి మాట్లాడుకోవడానికి వేరే సంగతులు దొరికాయి.

ఏళ్ళు గడిచాయి. పెద్ద ఓడలు దిగువ రేవుకి వెళ్ళిపోయి, మా డాకుల్లో పని పలచబడింది. కాకు రిటైరయ్యాడు. నాన్న గోదాములోనే రిటైరయ్యాడు. ఆఖరిరోజుదాకా ఏ తాడు ఎంత పాతదో చూడకుండా చేత్తో చెప్పేవాడని అక్కడివాళ్ళు చెప్పుకునేవారు. నాకు బడిలో ఉద్యోగం వచ్చింది. యూనియన్ బాబు జుట్టు నెరిసింది, సంచీ మాత్రం అదే.

ఆ రోజుల్లో కాకు, తన అక్కగారి మనవడు భిక్షువు కాబోతున్నాడని, దీక్ష చూడ్డానికి రమ్మని మమ్మల్ని పిలిచాడు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, రాలేదు. నాన్నా నేనూ ట్రాములో ఎస్‌ప్లనేడ్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి బౌబజార్ వైపు సందుల్లో ఉన్న విహారానికి నడిచాం. లోపల గదిలో భిక్షువులు వరసగా కూర్చున్నారు. ఇంటివాళ్ళం బయట వరండాలో, తెరిచిన తలుపుల దగ్గర కూర్చున్నాం. గుండు చేయించుకున్న కుర్రాడు చేతులు జోడించి నిలబడితే, ఒక భిక్షువు పాళీలో ఏవో ప్రశ్నలు అడుగుతున్నాడు. అతను ఒక్కోదానికీ జవాబు చెప్తున్నాడు.

"ఏటి అడుగుతున్నారు?" అన్నాడు నాన్న మెల్లిగా.

"నీకు కుష్టు ఉన్నాదా, మూర్ఛలు ఉన్నాయా అని," అన్నాడు కాకు. "ఇప్పుడు, నువ్వు మనిసివేనా అని అడిగేరు."

నాన్న కాకు వైపు తిరిగాడు. "అదేటి పెస్న? ఎదర మనిసే గదా నిలబడ్డాడు."

కాకు గొంతు తగ్గించి చెప్పాడు. పూర్వం ఒక నాగుపాముకి పాముగా పుట్టినందుకు సిగ్గు వేసింది. కుర్రాడి వేషం కట్టి వచ్చి దీక్ష తీసుకుంది. అందరిలాగే భిక్షకి వెళ్ళేది, అందరిలాగే చదువుకునేది. ఒకరోజు తన గదిలో నిద్రపోయింది. నిద్రలో అసలు రూపం వచ్చేసి గది నిండిపోయింది. తలుపు తీసిన భిక్షువు చూసి కేకలు పెట్టాడు. బుద్ధుడు దాన్ని పిలిచి, పాములకి ఈ దీక్ష కుదరదు, పున్నమికీ అమావాస్యకీ ఉపవాసం ఉండు, తొందరలో మనిషిగా పుడతావు అని చెప్పాడు. అది ఏడుస్తూ వెళ్ళిపోయింది. అప్పట్నుంచి దీక్ష తీసుకునే ప్రతివాణ్ణీ మనిషివేనా అని అడుగుతారు.

లోపల ప్రశ్నలు ఇంకా నడుస్తున్నాయి.

"అది ఎవుళ్ళనీ కరవలేదు గదా," అన్నాడు నాన్న.

"నేదు."

"ఉత్తినే నిద్దరోయింది."

"అంతే భాయ్."

"మరి ఆ కేకలెట్టినోడు?"

"ఆడికేటి తెలుసు. తలుపు తీసేసరికి గదినిండా పాము."

నాన్న తలూపాడు. "ఆడిదీ తప్పు కాదులే," అన్నాడు.

లోపల దీక్ష పూర్తయింది. కాషాయ బట్టల్లో కొత్త భిక్షువు తలవంచుకుని మా ముందు నుంచి నడిచి వస్తున్నాడు. నిన్నటిదాకా కాకు చెయ్యి పట్టుకుని తిరిగిన కుర్రాడు. కాకు వంగి అతని పాదాలకి దండం పెట్టాడు. నాన్న గోడకి జరిగి దారిచ్చి, తనూ రెండు చేతులూ జోడించాడు.